పట్టిక ముందు, పేజీ తరువాత

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల గోడల మీద అంటించిన కాగితాలు చదువుకుంటూ పోతే వెబ్ ప్రోగ్రామింగ్ అంటే ఏదో ఒక భాష పేరు అనిపిస్తుంది. జావా ఫుల్ స్టాక్, పైథాన్ ఫుల్ స్టాక్, డాట్ నెట్, మెర్న్. కొత్తగా నేర్చుకోవాలనుకునే పిల్లలు అడిగేదీ అదే: "పీహెచ్‌పీ పాతబడిపోయిందంట కదా సార్, నోడ్ నేర్చుకోమంటారా, జాంగోనా?" ఈ ప్రశ్నకు ముప్పై ఏళ్లుగా జవాబులు వస్తూనే ఉన్నాయి, ఐదారేళ్లకోసారి మారిపోతూనే ఉన్నాయి. పేజీల వెనకున్న పట్టికలు మాత్రం పెద్దగా మారలేదు. సమాచారాన్ని పట్టికలుగా విడగొట్టి, వాటి మధ్య సంబంధాలతో నడపవచ్చని ఐబీఎంలో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ రాసింది 1970లో. ఆ పట్టికలను ప్రశ్నించడానికి అదే సంస్థలోని డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయ్స్ సీక్వెల్ అనే భాషను బయటపెట్టింది 1974లో. ఇవాళ ఎస్‌క్యూఎల్ అంటున్నది దాన్నే. 1989లో టిమ్ బెర్నర్స్-లీ సెర్న్‌లో వెబ్ ఆలోచనను కాగితం మీద పెట్టేనాటికే ఇదంతా పాత సంగతి. డేటాబేస్‌తో నడిచే పేజీలు కట్టడం ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్న మీద వచ్చిన వాదాలు, అనుభవాలు ఒకచోట పెట్టి చూస్తే నాకు తేలింది ఒకటే. ముందు పట్టిక గీయడం రావాలి. భాష ఏదైనా ఆ తరువాతి సంగతి.

ముందు అసలు సంగతేమిటో చూద్దాం. మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీ సర్వర్‌లో ఒక ఫైలుగా ఉంటుంది. బ్రౌజర్ అడుగుతుంది, సర్వర్ ఉన్నదున్నట్టు పంపిస్తుంది. డేటాబేస్‌తో నడిచే పేజీ అలా ముందే తయారై ఉండదు. అడిగినప్పుడు సర్వర్‌లో ఒక ప్రోగ్రామ్ లేచి, డేటాబేస్‌ను ప్రశ్నించి, వచ్చిన వరుసలను హెచ్‌టీఎంఎల్‌లో పొదిగి అప్పటికప్పుడు పేజీ చేసి పంపుతుంది. వికీపీడియా ఈ రెండు పద్ధతుల మధ్య దారిని స్వయంగా నడిచి చూసింది. 2001 జనవరిలో మొదలైనప్పుడు అది యూజ్‌మాడ్‌వికీ అనే పెర్ల్ ప్రోగ్రామ్ మీద నడిచేది. డేటాబేస్ లేదు, వ్యాసాలన్నీ ఫైళ్లలోనే. ఏడాది తిరిగేసరికి ఆ పద్ధతి చాలలేదు. మాగ్నస్ మాన్‌స్కె అనే జర్మన్ విద్యార్థి పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్‌తో కొత్త సాఫ్ట్‌వేర్ రాశాడు, 2002 జనవరిలో దానికి మారారు. అదే ఏడు లీ డేనియల్ క్రాకర్ దాన్ని తిరగరాశాడు. అదే పెరిగి మీడియావికీ అయింది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా కూడా దాని మీదే నడుస్తోంది. అందులో "ఇటీవలి మార్పులు", "ఇక్కడికి లింకున్న పేజీలు" అనేవి తెరిచి చూడండి. వాటిని కూర్చుని రాసినవాళ్లెవరూ లేరు, ఒక్కొక్కటీ ఒక ప్రశ్నకు డేటాబేస్ ఇచ్చిన జవాబు.

అయితే ప్రతి సైటుకూ డేటాబేస్ కావాలా? అక్కర్లేదు. ఈ మాట కోర్సుల్లో ఎవరూ చెప్పరు. ఒక క్లినిక్ వేళలు, ఒక కల్యాణమండపం ఫొటోలు, నెలకోసారి ఒకరే మార్చే నాలుగు పేజీలు - వీటికి ఫైళ్లే నయం. చెడిపోవడానికి అందులో ఏమీ ఉండదు. 2008లో టామ్ ప్రెస్టన్-వెర్నర్ జెకిల్ అనే పనిముట్టు చేసింది ఈ ఆలోచనతోనే: పేజీలన్నీ ముందే తయారుచేసి ఫైళ్లుగా పెట్టేస్తే సర్వర్‌కు పని ఉండదు. చూడవచ్చినవాళ్లు తామే ఏదైనా రాసి, మార్చి పోవాలన్నా, ఒకే సమాచారాన్ని వంద కోణాల నుంచి వెతికి చూడాలన్నా అప్పుడు డేటాబేస్ తప్పదు. ఆంధ్రభారతి నిఘంటువుల శోధనలో ఒక మాట కొడితే బ్రౌన్, శబ్దరత్నాకరం, శంకరనారాయణ అర్థాలన్నీ ఒకే పేజీలో వస్తాయి. ఆ పేజీని ప్రతి మాటకూ చేత్తో తయారుచేసి పెట్టడం ఎవరి తరం?

పనిముట్ల చరిత్ర క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. 1993లో అమెరికాలోని ఎన్‌సీఎస్‌ఏ వాళ్లు సీజీఐ అనే ఏర్పాటు తెచ్చారు. బ్రౌజర్ నుంచి వచ్చిన ఫారాన్ని సర్వర్ ఒక ప్రోగ్రామ్‌కు అందించేది, ఆ ప్రోగ్రామ్ సాధారణంగా పెర్ల్‌లో ఉండేది. ఒక్కో విన్నపానికి ఒక్కో ప్రోగ్రామ్ కొత్తగా లేవాలి కాబట్టి రద్దీ పెరిగితే సర్వర్ మూలిగేది. రాస్మస్ లెర్‌డార్ఫ్ 1994లో తన బయోడేటా పేజీని ఎవరెవరు చూస్తున్నారో తెలుసుకోవడానికి కొన్ని చిన్న పనిముట్లు రాసుకున్నాడు, 1995 జూన్‌లో అందరికీ ఇచ్చేశాడు. పీహెచ్‌పీ పుట్టుక అది. హెచ్‌టీఎంఎల్ మధ్యలోనే కోడ్ దూర్చడం దాని సుగుణం, అవగుణం కూడా. అదే 1995లో స్వీడన్ నుంచి మైఎస్‌క్యూఎల్, అమెరికాలో అలేర్ సోదరుల నుంచి కోల్డ్‌ఫ్యూజన్ వచ్చాయి. లినక్స్, అపాచీ, మైఎస్‌క్యూఎల్, పీహెచ్‌పీ కలిపి ల్యాంప్ అనడం 1998లో ఒక జర్మన్ పత్రికలో మొదలైంది. పీహెచ్‌పీ గెలవడానికి భాషగా దాని గొప్పతనం కారణం కాదని నా నమ్మకం. చవక హోస్టింగ్ ఎక్కడ కొన్నా అది ముందే పెట్టి ఉండేది. ఫైలు ఎక్కిస్తే పేజీ నడిచేది. ఆ సుఖం వేరే భాషలకు రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆ రోజుల్లో భాషల గోల నుంచి పక్కకు జరిగి మాట్లాడినవాడు ఫిలిప్ గ్రీన్‌స్పన్. ఫొటో డాట్ నెట్ నడిపిన మనిషి. డేటాబేస్ ఆధారంగా నడిచే సైట్ల మీద 1997లోనే పుస్తకం రాశాడు. ఆయన చెప్పిన వరస ఇప్పటికీ పనికొస్తుంది. ఏ సమాచారం దాచాలి, ఎలా దాచాలి అన్నది మొదట తేల్చుకోవాలి. దాని మీద ఎవరెవరు ఏయే మార్పులు చేయవచ్చో రెండోది. ఏ పేజీ నుంచి ఏ పేజీకి పోవాలో మూడోది. ఆ పేజీలకు కోడ్ రాయడం ఆఖరు మెట్టు. ఇవాళ్టి కోర్సులు చాలావరకు ఈ ఆఖరు మెట్టు దగ్గరే మొదలై అక్కడే ముగుస్తున్నాయి. మొదటి మెట్టు ఎందుకంత ముఖ్యమో ఒక ఉదాహరణ తీసుకుని నిదానంగా చూడాలి.

ఒక ఊరి గ్రంథాలయం అనుకుందాం. పుస్తకాల జాబితా వెబ్‌లో పెట్టాలి, ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో తెలియాలి. కొత్తవాళ్లు గీసే మొదటి పట్టిక దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది: పుస్తకం పేరు, రచయిత, తీసుకున్నవారి పేరు, ఫోన్, తేదీ. అన్నీ ఒకే వరుసలో. మొదటి పుస్తకం మాలపల్లి, రచయిత ఉన్నవ లక్ష్మీనారాయణ. బాగానే ఉంది. రెండోది ఆంధ్ర మహాభారతం. రచయిత గడిలో ఏం రాస్తారు? "నన్నయ, తిక్కన, ఎర్రన" అని కామాలు పెట్టి ముగ్గురినీ ఒకే గడిలో ఇరికిస్తారు. కొన్నాళ్లకు ఎవరో తిక్కన రచనలన్నీ చూపించమంటారు. నిర్వచనోత్తర రామాయణం వస్తుంది, భారతం రాదు. ఎందుకంటే ఆ గడిలో ఉన్నది తిక్కన అన్న మాట కాదు, మూడు పేర్లూ కలిసిన ఒక పొడుగాటి మాట. సరే, రచయిత ఒకటి, రచయిత రెండు, రచయిత మూడు అని మూడు కాలమ్‌లు పెడదామంటారు. అప్పుడు ఇరవై మంది రాసిన కథల సంకలనం వస్తుంది.

దీనికి కాడ్ చూపిన దారి ఇదీ. పుస్తకాలకు ఒక పట్టిక, ప్రతి పుస్తకానికీ ఒక నంబరు. రచయితలకు వేరే పట్టిక, ప్రతి రచయితకూ ఒక నంబరు. రెండింటినీ కలపడానికి మూడో పట్టిక, అందులో నంబర్లే ఉంటాయి. భారతం నంబరు 2, కవిత్రయం నంబర్లు 11, 12, 13 అయితే మూడో పట్టికలో మూడు వరుసలు: 2-11, 2-12, 2-13. సౌందరనందానికి రెండు వరుసలు, ఒకటి పింగళి లక్ష్మీకాంతానికి, ఒకటి కాటూరి వేంకటేశ్వరరావుకు. ఇరవై మంది సంకలనానికి ఇరవై వరుసలు. పట్టిక రూపం ఎక్కడా మార్చనక్కర్లేదు. రచయితల పట్టికలో కలం పేరుకు ఒక కాలమ్ ఉంటే శ్రీశ్రీ అని వెతికినా, శ్రీరంగం శ్రీనివాసరావు అని వెతికినా ఒకే మనిషి దొరుకుతాడు. చాసోకూ అంతే.

ఇంకా ఉంది. గ్రంథాలయంలో మహాప్రస్థానం నాలుగు ప్రతులున్నాయి. ఎరువు పోయేది పుస్తకం కాదు, ప్రతి. లైబ్రేరియన్లకు ఈ తేడా కంప్యూటర్లు రాకముందే తెలుసు, అందుకే ఒక్కో ప్రతికీ యాక్సెషన్ నంబరు వేస్తారు. కాబట్టి ప్రతులకు వేరే పట్టిక కావాలి. సభ్యులకు ఒకటి. ఇచ్చిపుచ్చుకోవడాలకు మరొకటి: ఏ ప్రతి, ఏ సభ్యుడు, ఇచ్చిన తేదీ, తిరిగొచ్చిన తేదీ. తిరిగొచ్చిన తేదీ ఖాళీగా ఉన్న వరుసలే ఇప్పుడు బయటున్న పుస్తకాలు. అంటే "ఎవరి దగ్గరుంది" అన్నది ఎక్కడా రాసి దాచుకునే సంగతి కాదు, అడిగి తెలుసుకునే సంగతి. ఈ ఒక్క ముక్క ఒంటబడితే డేటాబేస్ సగం వచ్చినట్టే. ప్రోగ్రామర్ పక్కన పాత లైబ్రేరియన్‌ను ఒక గంట కూర్చోబెడితే మంచి పట్టికలు తయారవుతాయని నేనంటే నవ్వేవాళ్లున్నారు. కానీ సమాచారాన్ని విడగొట్టే పని ఆయన ముప్పై ఏళ్లుగా చేస్తున్నదే.

చిన్నచిన్న నిర్ణయాలు కూడా తరువాత పెద్ద తలనొప్పులవుతాయి. ఫోన్ నంబరును అంకెగా దాస్తే ముందున్న సున్నా ఎగిరిపోతుంది, అది కూడేదీ తీసేసేదీ కాదు కాబట్టి మాటగానే దాచాలి. వయసు దాస్తే ఏడాదిలో అబద్ధమవుతుంది, పుట్టిన తేదీ దాచాలి. మనిషికి గుర్తింపుగా ఫోన్ నంబరు పెడితే వాళ్లు సిమ్ మార్చిన రోజున చరిత్రంతా తెగిపోతుంది, డేటాబేస్ తనంతట తాను ఇచ్చే నంబరే మేలు. లేని సభ్యుడికి పుస్తకం ఇచ్చినట్టు నమోదు కాకుండా ఫారిన్ కీ అనే కట్టుబాటు పెట్టాలి. మైఎస్‌క్యూఎల్‌లో పాత మైఐశామ్ పద్ధతి ఈ కట్టుబాటు రాస్తే చదివినట్టే చదివి, కిక్కురుమనకుండా పక్కన పెట్టేసేది. 2010లో వచ్చిన 5.5 నుంచి ఇన్నోడీబీయే మామూలు పద్ధతి అయ్యాక ఆ బెడద తగ్గింది. ఇక ఇండెక్స్ అంటే పుస్తకం చివర ఉండే పదసూచిక లాంటిది. అది లేకపోతే ఒక పేరు కోసం డేటాబేస్ మొదటి వరుస నుంచి చివరి దాకా చదవాలి. రెండు వందల పుస్తకాలున్నప్పుడు తేడా తెలియదు, రెండు లక్షలకు తెలుస్తుంది.

పట్టికలు కుదిరాక పేజీల మాట. కొత్తవాళ్లకు రెండు పేజీలు చాలు. ఒకటి పుస్తకాల జాబితా చూపేది, రెండోది కొత్త పుస్తకం చేర్చే ఫారం. ఈ రెండింటినీ, సగం పని తానే చేసిపెట్టే ఏ ఫ్రేమ్‌వర్కూ లేకుండా ఒక్కసారి చేత్తో రాయాలని నా అభిప్రాయం. దీనికి ఎదురు వాదం బలంగానే ఉంది. 2005లో డేవిడ్ హైన్‌మెయర్ హాన్సన్ రూబీ ఆన్ రెయిల్స్‌తో పదిహేను నిమిషాల్లో ఒక బ్లాగ్ కట్టి చూపిన వీడియో ఒక తరాన్ని కట్టిపడేసింది. పట్టిక పేరు చెబితే పేజీలు పుట్టుకొచ్చాయి. జాంగో పుట్టింది కాన్సాస్ రాష్ట్రంలోని లారెన్స్ అనే ఊరి దినపత్రికలో. ఏడ్రియన్ హోలోవాటీ, సైమన్ విల్లిసన్ 2003లో విలేకరుల గడువులకు తట్టుకునేలా రాసుకున్నది, 2005 జూలైలో అందరికీ వచ్చింది. పట్టికలు వర్ణిస్తే చాలు, సమాచారం ఎక్కించే అడ్మిన్ పేజీలు అదే తయారుచేస్తుంది. రోజుకో కొత్త పేజీ కావలసిన పత్రికకు అది వరం. ఇంత సదుపాయం ఉండగా చేత్తో రాయడం ఎందుకని అడుగుతారు.

ఎందుకంటే ఫ్రేమ్‌వర్క్ ఎస్‌క్యూఎల్‌ను కనబడనివ్వదు. పుస్తకాల జాబితా పేజీలో యాభై పుస్తకాలు, ఒక్కోదాని పక్కన రచయిత పేరు చూపించాలనుకోండి. ఫ్రేమ్‌వర్క్‌లో అది రెండు లైన్లు. లోపల జరిగేది: పుస్తకాల కోసం ఒక ప్రశ్న, తరువాత ఒక్కో పుస్తకానికి రచయిత కోసం ఒక్కో ప్రశ్న, మొత్తం 51 ప్రశ్నలు. మూడు పట్టికలను జాయిన్ చేస్తే, అంటే కలిపి అడిగితే, ఒకే ప్రశ్నతో పోయేది. రాసినవాడి ల్యాప్‌టాప్‌లో ఇది తెలియదు. పదిమంది ఒకేసారి తెరిచినప్పుడు పేజీ నత్తనడక నడుస్తుంది, అప్పుడు తప్పు హోస్టింగ్ మీదికి పోతుంది. చేత్తో ఒకసారి జాయిన్ రాసినవాడికి ఫ్రేమ్‌వర్క్ ఏం దాస్తోందో తెలుసు, అతనికి రెయిల్స్ అయినా జాంగో అయినా లారావెల్ అయినా మంచి సాధనమే.

బ్రౌజర్ సర్వర్‌కు పంపే విన్నపాల్లో చూసే పనికి గెట్, మార్చే పనికి పోస్ట్ అన్న పాత నియమం కూడా చేత్తో రాసినప్పుడే ఒంటబడుతుంది. 2005లో గూగుల్ వెబ్ యాక్సిలరేటర్ అనే పనిముట్టు వచ్చింది. పేజీలోని లింకులను మనం నొక్కకముందే అది తెరిచి తెచ్చిపెట్టేది. లింకు తెరవడమంటే చూడటమే కదా అని దాని లెక్క. కానీ కొన్ని సైట్లలో "తొలగించు" అన్నది కూడా మామూలు లింకే. వాటన్నిటినీ ఆ పనిముట్టు శ్రద్ధగా ఒక్కొక్కటే తెరుచుకుంటూ పోయింది.

ఇక భద్రత. డేటాబేస్ పేజీలు రాసేవాడికి మొదటి వారంలోనే తెలియాల్సిన ప్రమాదం ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్. వెతుకుడు గడిలో చాసో అని కొట్టారు. ప్రోగ్రామ్ ఆ మాటను అటూ ఇటూ అతికించి ఇలా వాక్యం చేస్తుంది: సెలెక్ట్ * ఫ్రమ్ రచయితలు వేర్ కలంపేరు = 'చాసో'. బాగా నడుస్తుంది. తరువాత ఎవరో ఐరిష్ కథకుడు ఫ్రాంక్ ఓ'కానర్ పేరు కొడతారు. పేరులోని కొటేషన్ గుర్తు దగ్గర వాక్యం ముగిసిపోయిందనుకుని డేటాబేస్ తప్పు చూపిస్తుంది. చాలామంది దీన్ని చిన్న లోపం అనుకుని వదిలేస్తారు. దొంగ అక్కడే ఆగుతాడు. అతను గడిలో ' ఆర్ '1'='1 అని కొడతాడు. అప్పుడు తయారయ్యే వాక్యం: రచయిత పేరు ఖాళీ అయినవి, లేదా ఒకటి ఒకటికి సమానమైనవి ఇవ్వు. ఒకటి ఎప్పుడూ ఒకటికి సమానమే కనుక పట్టికంతా బయటికొస్తుంది. అది సభ్యుల పట్టిక అయితే ఫోన్ నంబర్లన్నీ పోయినట్టే.

దీని గురించి జెఫ్ ఫొరిస్టల్ ఫ్రాక్ అనే హ్యాకర్ల పత్రికలో రాసింది 1998 చివర్లో. మందు కూడా పాతదే: వాక్యాన్ని ముందు విడిగా పంపి, విలువలు తరువాత వేరుగా పంపడం. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ అంటారు. అప్పుడు గడిలో ఏం కొట్టినా అది విలువగానే ఉంటుంది, ఆజ్ఞగా మారదు. పీహెచ్‌పీలో పీడీఓ అనే మార్గం 2005 నుంచీ ఉంది. అయినా 2015 అక్టోబరులో బ్రిటన్‌లో టాక్‌టాక్ అనే టెలికాం సంస్థ నుంచి దాదాపు 1,57,000 మంది వివరాలు ఈ దారినే పోయాయి. 2009లో కొన్న వేరే కంపెనీ నుంచి వారసత్వంగా వచ్చిన పాత పేజీలు అవి, ఉన్న సంగతే వాళ్లకు తెలియదు. నాలుగు లక్షల పౌండ్ల జరిమానా పడింది. విలువలను నేరుగా వాక్యంలో అతికించడం అలవాటు చేసిన పీహెచ్‌పీ పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లను 2015 డిసెంబరులో 7.0 నుంచి పూర్తిగా తీసేశారు. వాటితో రాసిన పాఠాలు మాత్రం ఇంటర్నెట్‌లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, పుస్తకాల షాపుల్లో కూడా. ఒక పాఠం చేతికొస్తే ముందు అందులో విలువలు ఎలా పంపుతున్నారో చూడండి, అతికిస్తుంటే ఆ పాఠం పక్కన పెట్టేయండి. పాస్‌వర్డ్‌ల సంగతీ ఇంతే. 2009లో రాక్‌యూ అనే సంస్థ నుంచి మూడు కోట్లకు పైగా పాస్‌వర్డ్‌లు పోయాయి, అన్నీ రాసినవి రాసినట్టే దాచి ఉంచారు. పీహెచ్‌పీలో పాస్‌వర్డ్‌ను హ్యాష్ చేసే, అంటే తిరిగి చదవలేని రూపంలోకి మార్చే ఫంక్షన్ 2013 నుంచి భాషలోనే ఉంది. సొంత తెలివితేటలు చూపించాల్సిన చోటు కాదిది.

తెలుగులో పేజీలు కట్టేవాళ్లకు ఇంగ్లీషు పాఠాల్లో దొరకని చిక్కులు కొన్ని ఉన్నాయి. మొదటిది ప్రశ్నార్థకాల జబ్బు. ఫారంలో మాలపల్లి అని రాసి సేవ్ చేస్తే పేజీలో వరసగా ప్రశ్నార్థక చిహ్నాలు వస్తాయి. మైఎస్‌క్యూఎల్ 2018లో 8.0 వచ్చేదాకా ఏమీ చెప్పకపోతే లాటిన్ అక్షరాల పద్ధతిలోనే పట్టికలు చేసేది. అందులో తెలుగుకు చోటు లేదు, కాబట్టి తనకు తెలియని ప్రతి అక్షరానికీ ఒక ప్రశ్నార్థకం పెట్టి దాచేది. దాచాక ఇక చేసేదేమీ లేదు, అసలు అక్షరం పోయింది. రెండో రకం జబ్బులో తల మీద వాలుగీత ఉన్న రోమన్ అక్షరం, డిగ్రీ గుర్తు, ప్లస్-మైనస్ గుర్తు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. చూడటానికి ఇది మరీ ఘోరంగా ఉన్నా నిజానికి నయమైనదే. అన్ని భాషల లిపులనూ పట్టే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు. ఆ మూడూ భద్రంగానే ఉన్నాయి, వాటిని ఒక్కొక్కటిగా లాటిన్ అక్షరాలనుకుని చదువుతున్నారంతే. జాగ్రత్తగా మారిస్తే తెలుగు తిరిగొస్తుంది. మొదటి నుంచీ డేటాబేస్‌కు, పట్టికకు, డేటాబేస్‌తో ప్రోగ్రామ్ మాట్లాడే కనెక్షన్‌కు, హెచ్‌టీఎంఎల్ పేజీకి నాలుగింటికీ యూటీఎఫ్-8 చెబితే రెండు జబ్బులూ రావు. అందరూ మరిచిపోయేది కనెక్షన్.

అక్కడ ఇంకో మెలిక ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్8 అని పిలిచింది చాలాకాలం పాటు మూడు బైట్ల దాకానే పట్టేది. తెలుగుకు అది సరిపోతుంది కాబట్టి అంతా బాగుందనుకుంటాం. ఎవరో అభిప్రాయం రాసి చివర నవ్వుమొహం ఎమోజీ పెడతారు. ఎమోజీకి నాలుగు బైట్లు. పాత అమరికల్లో ఎమోజీ దగ్గరి నుంచి మిగతా రాత మొత్తం తెగిపోయేది, కఠినమైన అమరికలో అయితే తప్పు చూపించి ఆగిపోయేది. 2010లో వచ్చిన యూటీఎఫ్8ఎంబీ4 పెట్టుకుంటే ఈ బాధ లేదు. 8.0లో అదే మామూలు అమరిక.

పొడవు లెక్క మరో తమాషా. శ్రీశ్రీ అన్న మాట మన కంటికి రెండక్షరాలు. యూనికోడ్‌లో ఒక్కో శ్రీ నాలుగు ముక్కలు: శకారం, పొల్లు, రేఫ, దీర్ఘం. మొత్తం ఎనిమిది ముక్కలు, 24 బైట్లు. మైఎస్‌క్యూఎల్‌లో లెంగ్త్ అడిగితే 24 అంటుంది, క్యార్ లెంగ్త్ అడిగితే 8 అంటుంది. జాబితాలో పేరు పొడుగైతే కోసి మూడు చుక్కలు పెట్టే కోడ్ రాసినవాడు ఇంగ్లీషు లెక్కన రాస్తే అక్షరం నడిమికి తెగుతుంది, పొల్లు ఒకటి గాలిలో వేలాడుతుంది. రాజ్‌కుమార్ అని సరిగా టైపు చేస్తే జకారం కింద కవత్తు పడకుండా కంటికి కనిపించని ఒక గుర్తు మధ్యలో చేరుతుంది. ఇంకొకరు మధ్యలో ఖాళీ పెట్టి రాస్తారు. బైట్లను పోల్చి చూసే వెతుకుడుకు ఆ ఇద్దరూ వేర్వేరు మనుషులు. అకారాది క్రమంలో కూడా యూనికోడ్ వరసలో ఱ రేఫ పక్కన, ళ లకారం పక్కన కూర్చుంటాయి, బడిలో చదువుకున్న వరసలో అవి చివర ఉంటాయి. నిఘంటువు పని పెట్టుకున్నవాళ్లు ఇది ముందే తేల్చుకోవాలి. పేర్ల ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులు పెట్టి మన ఇంటిపేర్లతో గందరగోళపడే బదులు "పూర్తి పేరు" అని ఒకే గడి, వరస కోసం కావాలంటే ఇంటిపేరు విడిగా అడిగితే సరిపోతుంది. అన్నట్టు, పట్టికల పేర్లు తెలుగులో పెట్టినా మైఎస్‌క్యూఎల్ కాదనదు. సరదాగా ఉంటుంది గానీ, రేపు ఆ కోడ్ చూసే బెంగాలీ ప్రోగ్రామర్ మిమ్మల్ని తలుచుకుంటాడు.

ఏ డేటాబేస్ అన్నది ఎక్కువ ఆలోచించాల్సిన సంగతి కాదు. రిచర్డ్ హిప్ 2000లో చేసిన ఎస్‌క్యూలైట్ ఒక్క ఫైలులో ఉంటుంది, వేరే సర్వర్ అక్కర్లేదు, మన ఫోన్లలో ఉన్నది అదే. నేర్చుకోవడానికి, ఊరి గ్రంథాలయానికి అది చాలు. దానిలో కాలమ్ రకాల పట్టింపు తక్కువ, అంకెల గడిలో మాటలు రాసినా మామూలుగా ఊరుకుంటుంది, అది తెలిసి వాడాలి. చవక హోస్టింగ్‌లో దొరికేది మైఎస్‌క్యూఎల్ లేదా దాన్నుంచి 2009లో విడిపోయిన మరియాడీబీ. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ పరిశోధన నుంచి వచ్చిన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ నియమాల విషయంలో కచ్చితమైనది, నా చేతిలో పని ఉంటే నేను ఎంచుకునేది అదే. మెర్న్ కోర్సుల్లో మొట్టమొదటి డేటాబేస్‌గా మాంగోడీబీ నేర్పడం మాత్రం నాకు నచ్చదు. అది పనికిరానిదని కాదు. పట్టికల మధ్య సంబంధాలు అసలు చూడకుండానే పిల్లలు కోర్సు దాటిపోతున్నారు, సభ్యుడి పేరు మార్చాలంటే మూడొందల చోట్ల మార్చాల్సిన సైట్లు కడుతున్నారు.

ఈమధ్య అడిగితే పేజీలకు పేజీలు కోడ్ రాసిపెట్టే కృత్రిమ మేధ సాధనాలు వచ్చాయి. జాబితా పేజీ, ఫారం పేజీ క్షణాల్లో ఇస్తాయి. వాటికి పట్టిక మనం గీసి ఇస్తే పని చక్కగా చేస్తాయి. గీయమని వాటికే వదిలేస్తే రచయిత గడిలో ముగ్గురు కవులనూ కామాలతో కూర్చోబెట్టిన పట్టికే వచ్చినా ఆశ్చర్యం లేదు, మనం అడిగిన తీరే అలాంటిది కనుక. వచ్చినదాంట్లో తప్పు పట్టగలగాలంటే చదవగలగాలి.

కోర్సుల్లో అసలు కనిపించని విషయం బ్యాకప్. 2017 జనవరి 31న ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ అనే సైటులో ఒక ఇంజనీరు రాత్రివేళ పనిచేస్తూ, రెండో సర్వర్‌లో చెరపబోయిన డేటాబేస్ ఫోల్డర్‌ను అసలు సర్వర్‌లో చెరిపాడు. తప్పు తెలిసి ఆపేసరికి దాదాపు 300 గిగాబైట్లలో నాలుగున్నర మిగిలింది. బ్యాకప్ పద్ధతులు ఐదున్నాయి, ఒక్కటీ అక్కరకు రాలేదు. రోజూ డంప్, అంటే డేటాబేస్ మొత్తానికి ఫైలు నకలు, తీయాల్సిన ప్రోగ్రామ్ 9.2 రకం, డేటాబేస్ 9.6. రెండూ కుదరక అది ఎన్నాళ్లనుంచో విఫలమవుతోంది. విఫలమైందని పంపే ఈమెయిళ్లను మెయిల్ సర్వర్ తిప్పికొడుతోంది. డంపులు చేరాల్సిన చోటు చూస్తే ఖాళీ. వేరే పని కోసం ఆరు గంటల ముందు ఒకరు తీసి పెట్టుకున్న నకలు ఉండబట్టి సైటు బతికింది. ఆ ఆరు గంటల్లో చేరిన దాదాపు ఐదు వేల ప్రాజెక్టులు, ఐదు వేల వ్యాఖ్యలు, ఏడు వందల ఖాతాలు పోయాయి. జరిగింది జరిగినట్టు వాళ్లు బహిరంగంగా రాసిపెట్టారు. ఏ పాఠ్యపుస్తకం కన్నా అది ఎక్కువ నేర్పుతుంది.

ఊరి గ్రంథాలయానికి ఐదు పద్ధతులు అక్కర్లేదు. రోజూ రాత్రి ఒక డంప్, అది హోస్టింగ్ ఉన్న యంత్రంలో కాకుండా ఇంకో చోట. నెలకోసారి ఆ ఫైలును వేరే కంప్యూటర్‌లో ఖాళీ డేటాబేస్‌లోకి ఎక్కించి, సభ్యుల లెక్క సరిపోయిందా, నిన్న ఎరువిచ్చిన పుస్తకం జాబితాలో ఉందా, పేర్లు తెలుగులోనే వచ్చాయా చూడాలి. చివరిది మరీ ముఖ్యం. డంప్ తీసేటప్పుడు అక్షరాల పద్ధతి సరిగా చెప్పకపోతే, అసలు సైటులో తెలుగు చక్కగా కనిపిస్తూనే బ్యాకప్ ఫైలు నిండా ప్రశ్నార్థకాలు ఉండవచ్చు, ఎక్కించి చూసేదాకా అది బయటపడదు.